విశాఖ పల్లెలో ఎవరేం చేసి బతుకుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఆనందపురం, పద్మనాభం మండలాల సరిహద్దులో ఒక చిన్న ఊరు. ప్రాజెక్టు పని మీద కాలేజీ పిల్లలు వస్తుంటారు, ఫారాలు పట్టుకుని సర్వేవాళ్ళు వస్తుంటారు, ప్లాట్లు కొందామని కారేసుకుని ఇంకొందరు వస్తుంటారు. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే: "ఈ ఊళ్ళో జనం ఏం చేస్తారండీ?" మేము "వ్యవసాయం" అంటాం, వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. ఆ జవాబులో సగం ఊరు మాయమైపోతోంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను.

విశాఖ అంటే సిటీయే కదా, పల్లెలు ఎక్కడున్నాయి?

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలైంది. చెరకు పండే చోడవరం వైపంతా అనకాపల్లి జిల్లాకి వెళ్ళింది. పాడేరు, అరకు కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్ళాయి. మిగిలిన విశాఖపట్నం జిల్లాలో 11 మండలాలే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం నగరమే. పల్లెలంటే ప్రధానంగా ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాలు, పెందుర్తిలో కొంత.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. 2011 జనాభా లెక్కల్లో కనిపించే 42,90,589 అనే సంఖ్య పాత జిల్లా మొత్తానిది. అందులో కొండ మీద కాఫీ తోటలో పనిచేసేవారూ ఉన్నారు, గాజువాకలో షిఫ్టు డ్యూటీ చేసేవారూ ఉన్నారు. ఆ శాతాలు తెచ్చి ఇప్పటి జిల్లాలోని పల్లెకి అతికిస్తే లెక్క తప్పుతుంది. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో నేను చూసిన మొదటి తప్పు ఇదే.

మీ ఊరి పేరు ఎందుకు చెప్పడం లేదు?

చిన్న ఊరు. ఒకరి అప్పు గురించో, భూమి గురించో రాస్తే ఎవరింటి సంగతో అందరికీ తెలిసిపోతుంది. ఊరి పేరు లేకపోయినా విషయం అర్థమవుతుంది. చుట్టుపక్కల పది ఊళ్ళ పరిస్థితీ దాదాపు ఇదే.

'ఊరు' అంటే దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

రెవెన్యూ గ్రామం, పంచాయతీ, శివారు, ఈ మూడూ వేరు వేరు. రెవెన్యూ గ్రామం భూమి రికార్డుల ప్రకారం గీసిన హద్దు. జనాభా లెక్కల్లో గ్రామం పేరుతో వచ్చే సంఖ్యలు ఆ హద్దువే. పంచాయతీ అంటే ఓట్లూ సర్పంచీ. శివారు అంటే జనం నిజంగా ఉండే చోటు. మా వైపు శివారు పేర్లు చాలావరకు ఫలానావారి పాలెం, ఫలానావారి పేట అని ఇంటిపేర్లతోనే ఉంటాయి. ఒక కుటుంబం పొలం దగ్గర పాక వేసుకుంటే, మూడు తరాల్లో అది పాలెం అయిపోతుంది.

ఒక్కో శివారు పని ఒక్కో రకం. చెరువు దగ్గరి పాలెంలో వరి, కూరగాయలు పండిస్తారు. రోడ్డు పక్క పేటలో ఆటోలు, టిఫిను బడ్లు, మెకానిక్ షెడ్లు ఉంటాయి. ఎస్సీ కాలనీలో సొంత భూమి తక్కువ, కూలి పనీ తాపీ పనీ ఎక్కువ. అన్నీ కలిపి సగటు తీస్తే ఆ సగటు మనిషి ఏ పాలెంలోనూ కనబడడు. కాబట్టి శివారు శివారుకీ విడిగా అడగండి.

ఊళ్ళో ఎక్కువమంది రైతులేనా?

భూమి ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ భూమి మీదే బతికే ఇళ్ళు తక్కువ. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్రంలో ఒక కమతం సగటు 0.94 హెక్టారు, అంటే దాదాపు రెండెకరాల ముప్పై సెంట్లు. అన్నదమ్ముల పంపకాలు అయ్యాక మా దగ్గర లెక్కంతా సెంట్లలోకి దిగిపోయింది. ముప్పై సెంట్లు పల్లం, నలభై సెంట్లు మెట్ట ఉన్నవాడు కూడా కాగితం మీద రైతే.

పల్లం అంటే చెరువు కింద వరి పండే నేల. చెరువు నిండిన ఏడాది జూలై, ఆగస్టుల్లో దమ్ము చేసి ఊడుపులు వేస్తారు. సంక్రాంతిలోపు కోతలు, నూర్పులు అయిపోతాయి. ఆ తర్వాత నేలలో ఉన్న చెమ్మ మీద మినుమో పెసరో చల్లుకుంటారు. చెరువు నిండకపోతే మగవాళ్ళు ఆగస్టులోనే పట్నం పనికి వెళ్ళిపోతారు. ఇప్పటికీ ఊరి ఏడాదిని నడిపేది ఆ చెరువే.

మెట్ట పూర్తిగా వాన మీద ఆధారపడిన నేల. ఒకప్పుడు అందులో చోళ్ళు, గంటెలు, నువ్వులు, గోగు వేసేవారు. రాగుల్ని మేము చోళ్ళంటాం, సజ్జల్ని గంటెలంటాం. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన తరం ఇంకా మా మధ్యే ఉంది. ఇప్పుడు అదే మెట్టలో సరుగుడు, నీలగిరి, మామిడి, జీడి తోటలు కనబడతాయి. భూమి గలవారు పట్నంలో స్థిరపడ్డారు, రోజూ వచ్చి చూసుకోలేరు కాబట్టి మొక్క నాటి వదిలేస్తారు. వాళ్ళని తప్పు పట్టను. కానీ దాని ఫలితం భూమి లేనివాళ్ళ మీద పడింది. వరి చేనుకి దుక్కి నుంచి నూర్పు దాకా ఎన్ని చేతులు కావాలో లెక్కేయండి. సరుగుడు పాతుకున్నాక నరికేదాకా ఆ చేనుకి మనిషి అవసరమే దాదాపు ఉండదు. మిగిలిన వరి కోతల్ని కూడా మిషను పట్టుకుపోతోంది. కూలి రేటు పెరిగిందని అందరూ అంటారు, నిజమే. కూలి దొరికే రోజులు ఎన్ని తగ్గాయో మాత్రం ఎవరూ అడగరు.

రైతుకీ కూలీకీ తేడా ఎలా గుర్తించాలి?

మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇద్దరూ ఒకే మనిషి. ఒకావిడకి తన నలభై సెంట్లలో ఊడుపు ఒక్క రోజులో అయిపోతుంది, మిగతా సీజనంతా పక్కవాళ్ళ చేలో ఊడుస్తుంది. జనాభా లెక్కల్లో ఆమె ఏ పనికి ఎక్కువ కాలం పెట్టిందో ఆ గడిలోకి వెళ్ళాలి. కానీ అడిగితే ఎవరైనా "రైతులమండీ" అనే చెబుతారు. అందులో అబద్ధం లేదు, అది మర్యాదకి సంబంధించిన మాట. కాబట్టి "మీరు రైతా, కూలీనా?" అని అడగకండి. "మీ చేలో ఎన్నాళ్ళు పని ఉంటుంది? తర్వాత ఎక్కడికి వెళ్తారు?" అని అడగండి, విషయం దానంతట అదే వస్తుంది.

కౌలు రైతులు ఉన్నారా? లెక్కల్లో ఎందుకు కనబడరు?

ఉన్నారు. పట్నం వెళ్ళినవారి పల్లం చాలావరకు వాళ్ళే చేస్తున్నారు. ఒప్పందం నోటి మాట మీదే నడుస్తుంది. ఇన్ని బస్తాలు ఇస్తాననో, ఇంత డబ్బు ఇస్తాననో అనుకుంటారు, కాగితం ఉండదు.

కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇవ్వడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని కింద 11 నెలలకి చెల్లే పత్రం ఇస్తారు. భూమి మీద హక్కు యజమానిదే, పంట మీద హక్కు సాగుదారుది, చట్టం చెప్పేది ఇంతే. అయితే ఆ పత్రం మీద యజమాని సంతకం కావాలి. యజమాని భయం వేరు: "ఇవాళ సంతకం పెడితే రేపు భూమి నాదంటాడేమో." కౌలుదారు భయం ఇంకొకటి: "సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తాడేమో." అందుకని ఇద్దరూ మాట్లాడకుండా ఊరుకుంటారు. తుపానుకి పంట పడిపోతే నష్టపరిహారం పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాలో పడుతుంది, పెట్టుబడి పోగొట్టుకున్నవాడు అప్పుతో మిగులుతాడు. ఆ పరిహారాన్ని తెచ్చి కౌలుదారు చేతిలో పెట్టిన యజమానులూ ఉన్నారు. కానీ ఒకరి మంచితనం మీద ఇంకొకరి పంట ఆధారపడకూడదు కదా.

ఆడవాళ్ళు ఏం చేస్తారు?

అందరూ చివర్లో అడిగే ప్రశ్న ఇది, మొదట అడగాల్సింది.

మా వీధిలో ఒకావిడ రోజు చెబుతాను. వాళ్ళ కొద్దిపాటి మెట్టలో కనకాంబరాలు, బంతి ఉన్నాయి. చీకటితోనే తలకి తువ్వాలు చుట్టుకుని, సెల్‌ఫోను లైటు నోట్లో పట్టుకుని కోత మొదలుపెడుతుంది. బంతి బరువుగా ఉంటుంది, సంచి త్వరగా నిండుతుంది. కనకాంబరం గాలికి ఎగిరిపోయేంత తేలిక, ఎన్ని గంటలు కోసినా తూకంలో ముల్లు కదలదు. వంగి వంగి నడుము పట్టేస్తుంది. తెల్లారేలోపు సంచులు ఆనందపురం పూల మార్కెట్టుకి వెళ్ళే ఆటో ఎక్కాలి. ఆటో తప్పితే ఆ రోజు ధర తప్పినట్టే, ఎండెక్కాక వాడిన పువ్వుని ఎవరూ అడగరు.

ఇంటికొచ్చి గేదెల పాలు తీసి పాల కేంద్రంలో పోస్తుంది. అక్కడ వెన్న శాతం చూసి ధర కడతారు. పిల్లల్ని బడికి పంపి, ఊడుపుల రోజులైతే ఊడుపుకి, వేసవి అయితే ఉపాధి పనికి వెళ్తుంది. సాయంత్రం గడ్డి కోసుకొస్తుంది, మళ్ళీ పాలు తీస్తుంది.

ఒకసారి సర్వే ఫారం నింపడానికి వచ్చినాయన అరుగు మీద కూర్చుని ఆవిడ భర్తని అడిగాడు: "మీ ఆవిడ ఏం చేస్తుంది?" ఆయన "ఇంట్లోనే ఉంటాదండీ" అన్నాడు. ఫారంలో గృహిణి అని పడింది. అప్పుడామె పది అడుగుల దూరంలో గడ్డి మోపు దించుతోంది. ఆ ఫారం చూసినప్పటి నుంచి నాకు ఈ లెక్కల మీద పట్టుదల వచ్చింది.

పూల గురించి ఇంకొక్క మాట. ఆదాయం నెలవారీగా అడిగితే పూలు వేసేవాళ్ళు జవాబు చెప్పలేరు. శ్రావణమాసంలో, దసరాకి, కార్తీకంలో, పెళ్ళి ముహూర్తాల్లో ధర ఎక్కడికో వెళ్తుంది. మూఢం వచ్చిందంటే అదే పువ్వుకి కోత కూలి కూడా రాదు. పంచాంగం చూసి మొక్క నాటే రైతులు వీళ్ళు.

కూరగాయలు ఎక్కడ అమ్ముతారు?

వంగ, బెండ, బీర, ఆనప లాంటివి చాలావరకు విశాఖ రైతుబజార్లకి వెళ్తాయి. 1999లో రైతుబజార్లు మొదలయ్యాక దళారి చేతిలోకి వెళ్ళకుండా అమ్ముకునే దారి దొరికింది. గుర్తింపు కార్డు ఉన్నవారు తెల్లవారుజామునే బస్సులోనో, లగేజీ ఆటోలోనో వెళ్తారు. కార్డు లేని చిన్నవాళ్ళు జంక్షన్‌లో టోకుగా ఇచ్చేసి వస్తారు.

కులవృత్తులు ఇంకా ఉన్నాయా?

కులం ఉంది, వృత్తి చాలావరకు పోయింది. మా మండలాల్లో కొప్పుల వెలమ, గవర, కాపు, యాదవ, రజక, నాయీబ్రాహ్మణ, విశ్వబ్రాహ్మణ, కుమ్మరి, యాత, మాల, మాదిగ, రెల్లి కుటుంబాలు ఊరూరా వేర్వేరు సంఖ్యల్లో ఉన్నాయి. ఒకప్పుడు రజకులకీ, నాయీబ్రాహ్మణులకీ, వడ్రంగికీ పంట నూర్చాక కళ్లంలోనే 'మేర' కొలిచి ఇచ్చేవారు. ఏడాదంతా చేసిన పనికి అదే జీతం. ఇప్పుడు కళ్లాలే లేవు, మిషను నుంచి వడ్లు నేరుగా బస్తాలోకి పడుతున్నాయి. మేర కూడా పోయింది.

వడ్రంగి కొడుకు మధురవాడ అపార్టుమెంట్లలో కప్‌బోర్డులు బిగిస్తున్నాడు. నాయీబ్రాహ్మణుల కుర్రాడు జంక్షన్‌లో సెలూన్ పెట్టాడు. ఇలా పని పేరు మారి నిలబడ్డవాళ్ళు కొందరు. కుండలు చేసేవారికి దీపావళి ప్రమిదలు, వేసవి కుండలు తప్ప గిరాకీ లేదు. తాటిచెట్టు ఎక్కేవారు వయసు మళ్ళినవాళ్ళే. చెట్టు మీంచి పడితే నడుం విరిగే పనికి కొడుకుని పంపాలని ఏ తండ్రికి ఉంటుంది?

వృత్తి ఇంకా కచ్చితంగా కనిపించే ఒక చోటు పెన్షన్ల జాబితా. చేనేత, కల్లుగీత, మత్స్యకార, డప్పు కళాకారుల కోటాలో 50 ఏళ్ళకే, చర్మకారుల కోటాలో 40 ఏళ్ళకే పెన్షన్ వస్తుంది, మామూలు వృద్ధాప్య పెన్షన్‌కి 60 నిండాలి. 2024 జూలై నుంచి ఆ మొత్తం నెలకి 4,000 రూపాయలు. చాలా ఇళ్ళల్లో నెల మొదటి తారీఖున కచ్చితంగా వచ్చే డబ్బు ముసలమ్మ పెన్షన్ ఒక్కటే. కిరాణా కొట్టు ఖాతా కూడా ఆ రోజే తీరుతుంది.

ఊళ్ళో ఫ్యాక్టరీ ఉద్యోగులు ఉన్నారా?

ముందు తరంలో ఉన్నారు. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జూట్ మిల్లు ఉండేది. భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీద షిఫ్టులకి వెళ్ళేవారు. మెట్టలో గోగు వేసే ఇల్లూ, మిల్లులో నార పనిచేసే ఇల్లూ ఒక్కటే అయిన రోజులవి. 2009లో మిల్లు మూతపడింది. ఆ తర్వాత మా ఊళ్ళో నెల జీతం అనేది అరుదైపోయింది. మిల్లులో సీనియర్ కార్మికుడిగా ఉన్న పెద్దాయన కొడుకు ఇవాళ ఒక అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీగా పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు.

పట్నం పనికి వెళ్ళేవాళ్ళు ఏ పనులు చేస్తారు?

మగవాళ్ళలో తాపీ, సెంట్రింగ్, టైల్స్, పెయింటింగ్, కరెంటు పని ఎక్కువ. తర్వాత ఆటో, కారు డ్రైవింగ్, డెలివరీ, సెక్యూరిటీ. ఆడవాళ్ళలో కొందరు షేర్ ఆటోల్లో మధురవాడ, పీఎం పాలెం అపార్టుమెంట్లకి ఇంటి పనికి వెళ్తారు, కొందరు ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, మాల్స్‌లో సేల్స్ చేస్తారు. డిగ్రీ, బీటెక్ చదివినవారిలో కొద్దిమంది హైదరాబాదు, బెంగళూరు చేరారు. మిగతావాళ్ళు అవుట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో ఏడాదికో కంపెనీ మారుతున్నారు.

ఇళ్ళు నిలబడింది ఈ పట్నం కూలి మీదే. కానీ దీనికి భద్రత లేదు. సెంట్రింగ్ మీంచి పడ్డవాడికీ, రాత్రి డ్యూటీ నుంచి బండి మీద వస్తూ హైవేలో గుద్దించుకున్నవాడికీ ఈఎస్ఐ ఉండదు, మేస్త్రీ చేతిలో పెట్టిన నాలుగు వేలే దిక్కు. ఆ ఇంటి లెక్క ఆ రోజుతో తలకిందులైపోతుంది. "ఈ అయిదేళ్ళలో మీ ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అని ఒక్క ప్రశ్న మీ ఫారంలో చేర్చండి.

ఉపాధి హామీ పని వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. మార్చి నుంచి జూన్ దాకా చేలో పని లేని రోజుల్లో ఆడవాళ్ళ చేతికి వచ్చే డబ్బు అదే. 2005 చట్టం కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హామీ ఇచ్చింది, అందుకే మా వాళ్ళు దాన్ని 'వంద రోజుల పని' అంటారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో చేసిన కొత్త చట్టం ఆ హామీని 125 రోజులకి పెంచింది. ఆ హామీ కుటుంబానికి, మనిషికి కాదు. అత్త, కోడలు, కొడుకు ముగ్గురూ వెళ్తే 125 రోజులూ నలభై రెండు పని రోజుల్లో అయిపోతాయి. కూలి కొలత మీద కడతారు. చెరువు గట్టు మట్టి ఎండకి రాయిలా బిగుసుకుంటే కొలత పడదు, కొలత పడకపోతే పూర్తి కూలి రాదు.

సముద్రం ఒడ్డు ఊళ్ళ సంగతేమిటి?

అది పూర్తిగా వేరే బతుకు. భీమిలి నుంచి విశాఖ దాకా తీరం వెంబడి మంగమారిపేట, చేపల తిమ్మాపురం లాంటి ఊళ్ళల్లో వాడబలిజ, జాలారి కుటుంబాలది వేటే ఆధారం. భూమి లేదు, వాళ్ళ ఆస్తి పడవ, ఇంజను, వల. వేటలో వచ్చిన సొమ్ములో డీజిలు, ఐసు ఖర్చు తీసేసి, పడవకీ వలకీ వాటా వేసి, మిగిలింది మనుషులు పంచుకుంటారు. కాబట్టి పడవ ఉన్నవాడికీ, ఒట్టి చేతులతో పడవెక్కేవాడికీ తేడా చాలా ఉంటుంది. బయటివారు ఇద్దరినీ 'మత్స్యకారులు' అనే ఒక్క గడిలో వేసేస్తారు.

ఒడ్డుకి చేరాక వ్యవహారమంతా ఆడవాళ్ళదే. వేలం పాట పాడుకుని కొనడం, తట్టకెత్తుకుని వీధుల్లో అమ్మడం, మిగిలిన కవళ్ళు, నెత్తళ్ళు ఇసకలో ఎండబెట్టడం, అప్పు తేవడం, తీర్చడం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలైంది. మీ సర్వే ఆ రెండు నెలల్లో పెడితే అందరూ ఖాళీగా కనబడతారు, నవంబరులో పెడితే ఒక్కరూ ఇంట్లో దొరకరు.

రోడ్లు, భూముల ధరలు ఊరిని ఎలా మార్చాయి?

ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరసల హైవే వచ్చింది. అటు భోగాపురంలో ఎయిర్‌పోర్టు. ఈ రెండింటి మధ్య పడ్డ ఊళ్ళ భూమికి పండే పంటతో సంబంధం లేని ధర వచ్చింది. అమ్మినవాళ్ళు డాబా కట్టారు, అమ్మాయి పెళ్ళి చేశారు, బండి కొన్నారు. కొందరు లోపలి ఊళ్ళల్లో ఇంకో ఎకరా కొనుక్కున్నారు. తెలివైన పని, ఇప్పుడు స్థిమితంగా ఉన్నది వాళ్ళే.

కానీ అమ్మడానికి ఏమీ లేని ఇంటికి ఈ ధరలతో ఒరిగింది లేదు. లేఅవుట్ పడ్డాక ఆ చేలో కూలి పోయింది, గేదెలు మేసే బీడు పోయింది. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములున్నవారిది ఇంకో ఇబ్బంది. 1977 చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. అయినా అవసరానికి తెల్లకాగితం మీద అమ్మేసుకున్నారు. అప్పట్లో చేతికొచ్చిన నాలుగు డబ్బులు ఎటు పోయాయో ఇవాళ వాళ్ళకే గుర్తులేదు.

అప్పులు ఎక్కడ తెస్తారు?

డ్వాక్రా సంఘం, బ్యాంకులో బంగారం తాకట్టు, చీటీ, వారం వారం వసూలు చేసే ఫైనాన్సు. ఇంచుమించు ఈ వరసలోనే వడ్డీ పెరుగుతూ పోతుంది. పదిమంది ఆడవాళ్ళు నెలనెలా పొదుపు చేసి బ్యాంకు లింకేజీ తెచ్చుకునే డ్వాక్రా మా ఊరికి చేసిన మేలు నేను కళ్ళారా చూశాను. గేదె కొన్నది, కొడుకు ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే. ఫైనాన్సు వాళ్ళు వచ్చే రోజు మాత్రం వీధిలో టెన్షన్ కనబడుతుంది. ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడం మొదలైందంటే ఆ ఇల్లు ఇబ్బందిలో పడ్డట్టే.

పేద కుటుంబం ఏదో రైస్ కార్డు చూస్తే తెలుస్తుందా?

తెలియదు. పల్లెల్లో కార్డుకి నెలకి 10,000 రూపాయల లోపు ఆదాయం, మూడెకరాల లోపు మాగాణి లేదా పదెకరాల లోపు మెట్ట, 300 యూనిట్ల లోపు కరెంటు వాడకం లాంటి నిబంధనలు పెట్టారు. మా ఊళ్ళో దాదాపు అందరూ వాటి లోపలే ఉంటారు. అప్పు చేసి ట్యాక్సీకి కాకుండా సొంతానికని సెకండ్ హ్యాండ్ కారు కొన్న కుర్రాడి ఇంటికి కార్డు పోయింది, పట్నంలో అద్దెలు వచ్చే ఇంటికి కార్డు ఉంది.

నన్నడిగితే మూడు చూడండి. ఆ ఇంట్లో నెలకి ఒక్కసారైనా కచ్చితంగా వచ్చే డబ్బు ఉందా? పాలిచ్చే గేదె ఎవరిది, సొంతమా, వాటాకి పెంచుతున్నదా? ఆడపిల్ల ఇంటర్ తర్వాత చదువుతోందా? ఇల్లు డాబాయా, రేకులా అన్నది ఇప్పుడు పెద్దగా ఏమీ చెప్పదు. స్కీములో కట్టిన డాబాలో అప్పుల్లో ఉన్నవాళ్ళు చాలామంది.

మేము సర్వేకి వస్తున్నాం. ఎప్పుడు, ఎలా అడగాలి?

ఊడుపుల్లో, కోతల్లో రావద్దు. వచ్చినా సాయంత్రం ఏడు తర్వాత రండి. వయసులో పెద్దావిడని "అమ్మా" అనో "అప్పా" అనో, పెద్దాయనని "బావూ" అనో పిలవండి, తలుపులు తెరుచుకుంటాయి. "ఏటి బావూ, ఏటి రాసుకుంటన్నావు?" అని మిమ్మల్నే ముందు అడుగుతారు. దాచకుండా చెప్పండి, స్కీము వస్తుందని మాత్రం ఆశ పెట్టకండి. భర్త ముందు భార్యని కాకుండా ఇద్దరినీ విడివిడిగా అడగండి. "వృత్తి ఏమిటి?" అనే బదులు "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారు?" అని మొదలుపెట్టండి.

లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

2011 జనాభా లెక్కల్లో గ్రామాలవారీ పట్టికలు ఉన్నాయి. భూమికి అడంగల్ (సాగు రికార్డు), 1బి (యాజమాన్య రికార్డు). పంటకి ఈ-పంట నమోదు. మిగతావి గ్రామ సచివాలయంలో అడగండి.

జనాభా లెక్కల్లో 'పనిచేసేవారు' అంటే ఎవరు? ఈసారి ఊరివాళ్ళు ఏం చెప్పాలి?

2011లో నాలుగు గడులు పెట్టారు: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలో పనిచేసేవారు, ఇతరులు. ఏడాదిలో 183 రోజులు, అంటే ఆరు నెలలు పని ఉంటే ప్రధాన శ్రామికులు, అంతకి తక్కువైతే ఉపాంత శ్రామికులు. మా ఊరి ఆడవాళ్ళలో చాలామంది ఉపాంతంలోనో, అసలు పనే చేయనివారిలోనో పడిపోయారు. తర్వాతి లెక్కలకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ, కులం కూడా ఈసారి రాస్తారు.

మొన్న మా పిన్నితో అరుగు మీద కూర్చుని ఆవిడ ఏడాదిని లెక్కేశాను. ఊడుపులు ఇన్నాళ్ళు, కలుపు ఇన్నాళ్ళు, కోతలు, పెసర ఏరడం, పూల కోత, ఉపాధి పని. నేలమీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ పోయాను. పూల కోతలు సగం కూడా వేయకముందే 183 దాటింది. పిన్ని ఆ గీతలకేసి కాసేపు చూసి, "అయితే నాదీ పనేనేటి?" అంది.